బీరువాలో కాగితాలు బయటికి తియ్యండి!

శ్రీకాకుళం జిల్లాలో కథలూ కవితలూ రాసి దాచుకుంటున్నవారందరికీ సాటి రాసేవాళ్ళ పిలుపు

అక్కలారా, అన్నలారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా!

ఇది ఎన్నికల కరపత్రం కాదు. చిట్‌ఫండుదీ కాదు, ట్యూషన్ సెంటరుదీ కాదు. పకోడీల పొట్లం కట్టేలోగా ఒక్కసారి చదవండి.

మీరు రాస్తారు. మీ ఇంట్లోవాళ్ళకు ఆ సంగతి తెలియకపోవచ్చు గానీ మాకు తెలుసు. ఆమదాలవలస స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఫోన్లో కవిత టైపు చేసేవాళ్ళున్నారు. రాత్రి డ్యూటీలో వార్డు సద్దుమణిగాక పాత క్యాలెండరు వెనక నాలుగు వాక్యాలు గిలికే నర్సమ్మలున్నారు. పలాసలో జీడిపిక్కలు వొలిచి నల్లబడిన వేళ్ళతో కూతురి నోటుబుక్కులో పాట కట్టుకునే తల్లులున్నారు. జవాబు పత్రాలు దిద్దుతూ దిద్దుతూ ఎర్ర పెన్నుతోనే కథ మొదలుపెట్టిన మాస్టార్లున్నారు.

రాసిందంతా ఏమైందని అడగండి, జవాబులు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. బీరువాలో పట్టుచీరల కింద ఉంది. పెళ్ళయ్యాక పుట్టింటి అటకెక్కింది. పాత ఫోనుతో పాటే పోయింది. వాట్సాప్ గ్రూపులో పెడితే దండాల బొమ్మలూ పువ్వుల బొమ్మలూ బోలెడు వచ్చాయి, మర్నాడు పొద్దునకి గుడ్ మార్నింగుల కింద పడి కనపడకుండా పోయింది. 'పత్రికకి పంపలేదా?' అంటే ఒక చిన్న నవ్వు. 'మనవి ఎవరేస్తారండీ!'

ఎవరు వెయ్యనన్నారు? ఏ సంపాదకుడు? ఎప్పుడు? పేరు చెప్పమంటే చెప్పలేరు, ఎవరూ అనలేదు గనక. కథ వద్దనాలన్నా అది ముందు సంపాదకుడి బల్ల మీదికి చేరాలి. మాకు తెలిసినంతలో మన జిల్లాలో రాసిన కథల్లో చాలావాటికి ఆ బల్ల కాలు కూడా తగల్లేదు. వాటిని కాదన్నది రాసినవాళ్ళే. మేం చెప్పదలచింది ఈ ఒక్క మాటే: మీ రచన అచ్చుకు పనికొస్తుందో లేదో తేల్చే పని మీది కాదు. రాయడం, దిద్దడం, పంపడం మీ పని. తేల్చేవాళ్ళు హైదరాబాదులోనూ విజయవాడలోనూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ పని వాళ్ళని చెయ్యనివ్వండి.

మీరున్నది ఎవరి జిల్లా?

మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు గారి జిల్లా. విశాఖపట్నంలో బడిపంతులుగా బతికిన ఆ మనిషి రాసిన 'యజ్ఞం' 1966లో 'యువ' మాసపత్రికలో వచ్చింది. ఒక పల్లెటూరి అప్పు తగువు మీద తెలుగు చదివేవాళ్ళంతా ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. ఆయన కుప్పతెప్పలుగా రాయలేదు. నడుమ కొన్నేళ్ళు కలం పక్కన పెట్టేశారు కూడా. మళ్ళీ మొదలుపెట్టిన తర్వాత వచ్చిందే ఆ కథ. 'కాలేజీ రోజుల్లో రాసేవాణ్ణండీ, మానేసి చాలా కాలమైంది' అనే అన్నలకు ఇంతకన్నా వేరే జవాబు మా దగ్గర లేదు.

ఆ కారా మాస్టారే అవార్డుల సొమ్ము పోగేసి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళం విశాఖ 'ఎ' కాలనీలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని ఆయన పట్టుదల. మన ఊళ్ళో ఉండి కూడా చాలామందిమి ఆ గుమ్మం ఎక్కలేదు. వెళ్ళండి. పాత 'భారతి' సంచికలు, పాత వారపత్రికల బైండ్లు తిరగెయ్యండి. పెద్ద పేర్ల పక్కనే మీరెన్నడూ వినని పేర్లు కనిపిస్తాయి. రెండో మూడో కథలు రాసి ఆగిపోయినవాళ్ళు వాళ్ళు. కవరు మీద స్టాంపు అంటించి డబ్బాలో వేశారు కాబట్టి అక్కడ ఉన్నారు. వాళ్ళకన్నా బాగా రాసి దాచుకున్నవాళ్ళు ఆ కాలంలోనూ ఉండే ఉంటారు. వాళ్ళ కథలు మాత్రం ఏ గ్రంథాలయమూ వెతికి పెట్టలేదు.

'నాకు పెద్ద చదువు లేదు' అంటారు ఇంటిపట్టున ఉండే అక్కలు. భండారు అచ్చమాంబ బడికి వెళ్ళి చదవలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని ఇంట్లోనే అక్షరాలు పట్టుకుంది. ఆమె 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో అచ్చయింది. గురజాడ 'దిద్దుబాటు' 'ఆంధ్రభారతి'లో వచ్చింది 1910 ఫిబ్రవరిలో. తొలి కథానిక అని మనం బళ్ళో చదువుకున్నదానికి ఎనిమిదేళ్ళ ముందే ఒక ఆడమనిషి తన కథను పత్రికకు ఇచ్చేసింది. ఏది తొలి కథ అన్న తగవు విమర్శకులకు వదిలేద్దాం. ఆవిడ అప్పట్లో 'నా కథ ఎవరేస్తారులే' అనుకుని ఉంటే అసలు తగవే ఉండేది కాదు.

'వయసు దాటిపోయింది' అనేవాళ్ళు గురజాడ పుట్టిన సంవత్సరం చూసుకోండి. 1862. 'దిద్దుబాటు' అచ్చయ్యేనాటికి ఆయనకు 47 ఏళ్ళు.

'మన బాసలో రాస్తే నవ్వుతారు' అన్నది ఇంకొక భయం. దీనికి మాత్రం మనకు సిగ్గుండాలి. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు మన జిల్లావారు. మాట్లాడే తెలుగే రాతకూ పనికొస్తుందని పండితులతో జీవితకాలం పోట్లాడారు. ఆ పోట్లాట కోసం 1919లో 'తెలుగు' అని పత్రికే పెట్టారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం అని పండగ చేస్తున్నాం. ఆ రోజు బళ్ళో వ్యాసరచన పోటీ పెట్టి, పిల్లల చేత ఎవరూ మాట్లాడని తెలుగు రాయించి బహుమతులిస్తున్నాం. అది వేరే బాధ. మిగతా ప్రాంతాలవాళ్ళు తమ యాస దాచుకోలేదు. యశోదారెడ్డి తెలంగాణ పల్లె మాటల్లో కథలు చెప్పారు. నామిని చిత్తూరు యాసలో రాసిన 'పచ్చనాకు సాక్షిగా' ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చింది. వంశీ గోదావరి ఒడ్డు మాటలతో 'మా పసలపూడి కథలు' స్వాతి వారపత్రికలో రాశారు. చదివినవాళ్ళు నవ్వారు, నిజమే. ఆ కథల్లో హాస్యానికి నవ్వారు. మరి 'ఏటి', 'ఒగ్గెయ్', 'గుంటడు' అచ్చుకు పనికిరాని మాటలని మనకు చెప్పిందెవరు?

మనం రాయకపోతే ఇంకెవరో రాస్తారు

గుజరాత్ వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన మన తీరం మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కారు, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ సంగతి మీద 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. రానివ్వండి, మంచిదే. అయితే ఆ ఏడాది పైచిలుకు కాలం ఇళ్ళల్లో ఏం జరిగింది? అప్పులవాళ్ళు గుమ్మం ముందుకొచ్చి ఏమని వెళ్ళారు? బడికి పోయే పిల్ల హాజరు పిలిచేటప్పుడు తండ్రి గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పింది? హైదరాబాదులో కూర్చున్న రచయిత ఊహించి రాయగలడు. తీరం పిల్ల ఊహించక్కర్లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టినప్పుడు పేపర్లు నష్టాన్ని ఎకరాల్లో రాశాయి. తాత నాటిన చెట్టు పెరట్లో అడ్డంగా పడి ఉంటే ఇంటి పెద్ద ఆ సాయంత్రం ఎక్కడ కూర్చున్నాడో ఏ పేపరూ రాయలేదు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద వైద్యులు వచ్చారు, నివేదికలు వచ్చాయి. డయాలసిస్‌కి వెళ్ళే రోజున బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో ఆ నివేదికల్లో దొరకదు.

ఇన్ని పెట్టుకుని మనవాళ్ళు రాస్తున్నదేమిటంటే, అమెరికాలో కొడుకు, వృద్ధాశ్రమంలో తల్లి, ఆఖర్న ఒక ఉత్తరం. చదివి చదివి మాకు ఆ తల్లి పేరు కూడా కంఠతా వచ్చేసింది. అలాంటి తల్లులు లేరని కాదు, ఆమెను మీరు నిజంగా చూసి ఉంటే రాయండి. సినిమాలోనో సీరియల్లోనో చూసి ఉంటే వదిలెయ్యండి. మీ కథ తిరిగొచ్చే కారణాల్లో మొదటిది ఇదే కావచ్చు: మీరు తప్ప ఇంకెవరైనా రాయగలిగిన కథ అది.

పంపడం గుమస్తా పని

రాసేటప్పుడు మీరు కవి కావచ్చు, కథకులు కావచ్చు. పంపేటప్పుడు మాత్రం గుమస్తా కండి. గుమస్తాకు కాగితం చూస్తే గుండె దడ ఉండదు. నంబరు వేస్తాడు, కవర్లో పెడతాడు, రిజిస్టరులో ఎక్కిస్తాడు, టీ తాగడానికి వెళ్తాడు. 'ఇది గొప్ప కాగితమేనా, పై ఆఫీసువాళ్ళు ఏమనుకుంటారో' అని రాత్రంతా దొర్లడు. 'ధైర్యం వచ్చాక పంపుతాను' అనే తమ్ముడూ, అది అలా ముందుగా రాదు. పంపిన తర్వాత, తిరిగొచ్చిన తర్వాత, మళ్ళీ పంపిన తర్వాత మెల్లగా వస్తుంది. మొదట కావలసింది ఒక రిజిస్టరు.

పిల్లల పాత నోటుబుక్కు చాలు. గీతలు కొట్టండి. రచన పేరు, ఎన్ని పదాలు, ఏ పత్రికకు, ఏ తేదీన, జవాబు ఏమొచ్చింది. ఆఖరి గడి ముఖ్యం: తిరిగొస్తే తర్వాత ఎక్కడికి. ఆ గడిని కథ పంపిన రోజే నింపెయ్యాలి. తిరిగొచ్చిన రోజు మనసు బాగోదు, ఆ రోజు ఆలోచించడం మొదలుపెడితే కథ మళ్ళీ బీరువాకే పోతుంది. ముందే రాసి ఉంటే గుమస్తా చూసుకుంటాడు.

పంపే ముందు ఆ పత్రికను చదవండి. ఇది చెప్పాల్సిన మాట కాదు గానీ చెప్పక తప్పడం లేదు. ఈనాడు, ఆంధ్రజ్యోతి, సాక్షి ఆదివారం పుస్తకాల్లో, నమస్తే తెలంగాణ 'బతుకమ్మ'లో కథకు ఇన్ని పేజీలని కొలత ఉంటుంది. ఆ కొలతకు రెండింతలు పంపితే సంపాదకుడు కోసి వేసుకోడు, పక్కన పెడతాడు. 'అరుణతార'కు నప్పే కథ 'స్వాతి'కి నప్పదు, అక్కడిది ఇక్కడ నప్పదు. అందులో ఎవరి తప్పూ లేదు. 1998 నుంచి నడుస్తున్న 'ఈమాట' వంటి అంతర్జాల పత్రికకు పంపితే పరిశీలకులు చదివి సూచనలు చెప్పే పద్ధతి ఉంది. కొత్తవాళ్ళకు ఇది ఉచితంగా దొరికే చదువు. వచ్చిన సూచనలు చూసి అలగకండి. మీ కథను అంత శ్రద్ధగా చదివినవాళ్ళు అప్పటిదాకా ఎవరున్నారు?

వేదికలు తగ్గాయన్నది నిజం. 'భారతి' 1991లోనే ఆగిపోయింది. 'విపుల', 'చతుర', 'నవ్య' కరోనా కాలంలో అచ్చు ఆపేశాయి. మన ముందుతరం వాళ్ళకు ఉన్నన్ని గుమ్మాలు మనకు లేవు. ఉన్న గుమ్మాలు తట్టడం మానెయ్యడానికి అది కారణం ఎలా అవుతుందో మాకు అర్థం కాదు.

ఇక కవరు సంగతి. చేత్తో రాసేవాళ్ళు కాగితానికి ఒకవైపే, అంచు వదిలి, పేజీ నంబర్లు వేసి రాయండి. నకలు తప్పకుండా దగ్గర ఉంచుకోండి. వెనక్కి కావాలంటే స్వంత చిరునామా రాసి తగిన స్టాంపులు అంటించిన కవరు జతచెయ్యాలి. 2025 సెప్టెంబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు, కౌంటరు దగ్గర తికమక పడకండి. ఇప్పుడు ఎక్కువ పత్రికలు మెయిల్లోనే అడుగుతున్నాయి. యూనికోడ్‌లో టైపు చేసి వర్డ్ ఫైలు పంపండి. ఫోన్లో టైపు చేసేదంతా యూనికోడే, భయపడక్కర్లేదు. డీటీపీ సెంటర్లో చేయిస్తే మాత్రం అది యూనికోడ్ కాని అను ఫాంటులో ఉండొచ్చు. ఆ పత్రిక ఏది తీసుకుంటుందో చూసుకోండి. చేతిరాతను ఫోటోలు తీసి పన్నెండు బొమ్మలుగా పంపకండి. అడిగితే తప్ప పీడీఎఫ్ కూడా వద్దు.

హామీపత్రం లేక ఆగిపోయే కథలు బోలెడు. అదేదో కోర్టు కాగితం అనుకుని బెదిరేవాళ్ళున్నారు. మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెడితే చాలు: ఈ కథ నా సొంతం. దేనికీ అనువాదమూ అనుకరణా కాదు. ఇంతవరకు అచ్చులో గానీ అంతర్జాలంలో గానీ, సామాజిక మాధ్యమాల్లో గానీ రాలేదు. మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. అంతే. ఇక్కడే వాట్సాప్ చిక్కు వస్తుంది. ఫేస్‌బుక్కులో, గ్రూపుల్లో ముందే పెట్టేసిన కథను చాలా పత్రికలు అచ్చయినట్టే లెక్కేస్తాయి. దండాల బొమ్మల కోసం తొందరపడితే ఆ కథకు తలుపులు మూసుకుపోతాయి. గ్రూపులో పెట్టాలనిపిస్తే అచ్చయిన పేజీ ఫోటో పెట్టండి, దండాలు రెట్టింపు వస్తాయి.

హామీపత్రంతో పాటు పేరు, చిరునామా, ఫోను నంబరు. కలంపేరుతో రాసే అక్కలూ, చెల్లెళ్ళూ, అందులో తప్పేం లేదు. విశాఖ వైపు నుంచి ఒక భార్యాభర్తల జంట 'బీనాదేవి' అన్న ఒకే పేరుతో రాసి పేరు తెచ్చుకుంది. కాకపోతే పత్రికకు అసలు పేరు, బ్యాంకు వివరాలు విడిగా ఇవ్వాలి. పారితోషికం కలంపేరు ఖాతాలో పడదు. సంపాదకుడికి రాసే ఉత్తరం పొట్టిగా ఉండాలి. మీకొచ్చిన బిరుదులు, సన్మానాలు, మీ కథను మెచ్చుకున్న ఎమ్మెల్యే గారి పేరు అందులో అక్కర్లేదు.

పండగ కథలు పండగ వారంలో పంపితే మరుసటి ఏడాదికి కూడా పనికిరావు. సంక్రాంతి, ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలకు రెండు మూడు నెలల ముందే చేరాలి. అంటే సంక్రాంతి కథ రాయాల్సింది దసరా సెలవుల్లో.

పోటీలను వదలొద్దు. బహుమతి రాకపోయినా బాగున్నవాటిని సాధారణ ప్రచురణకు తీసుకునే పద్ధతి మన పత్రికల్లో ఎప్పటినుంచో ఉంది. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి గెలిచింది. ఒక తెలుగు కథ అంత దూరం వెళ్ళాలన్నా ముందు దాన్ని ఎవరో ఒకరు పోటీకి పంపాలి కదా.

తిరిగొస్తే? అసలు జవాబే రాకపోతే?

తిరుగుటపాలో వచ్చిన కవరును దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళం, దాని మీద మన చేతిరాతే ఉంటుంది గనక. ఇప్పుడా కవర్లు కూడా అరుదు. ఇవాళ కొత్తవాళ్ళను కుంగదీసేది తిరస్కారం కంటే మౌనం. మెయిలు వెళ్ళింది, అందిందో లేదో తెలియదు, నెల గడిచింది, రెండు గడిచాయి. ఇంట్లో 'ఏటే, అచ్చవుతాదేటి అది?' అని వెటకారం.

ఆ మౌనంలో మీమీద తీర్పేమీ లేదు. కథలు గుట్టగా వస్తాయి, చదివే మనుషులు ఒకరో ఇద్దరో ఉంటారు. మీ కథ ఇంకా వరసలో ఉండొచ్చు. ఇంతకుముందే అలాంటి కథ తీసుకుని ఉండొచ్చు. వాళ్ళకది నచ్చకనే పోవచ్చు. నచ్చకపోతే ఆ ఒక్క మనిషికి, ఆ ఒక్క పూట నచ్చలేదు. వారం వారం ఫోను చేసి నిలదియ్యకండి. పత్రిక ఏదైనా గడువు చెప్పి ఉంటే ఆ గడువు దాకా, చెప్పకపోతే మూడు నెలలు ఆగండి. ఆపైన మర్యాదగా రెండు వాక్యాలు రాయండి: 'ఫలానా తేదీన పంపిన ఫలానా కథ మీ పరిశీలనలో ఉందేమో తెలపగలరు. ఈ నెలాఖరులోగా తెలియకపోతే ఉపసంహరించుకున్నట్టుగా భావించగలరు.' నెలాఖరు కాగానే రిజిస్టరు ఆఖరి గడి చూసి తర్వాతి పత్రికకు పంపెయ్యండి. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు మాత్రం పంపొద్దు. రెండుచోట్లా అచ్చయితే మీ హామీపత్రం అబద్ధమవుతుంది, రెండు తలుపులూ మూసుకుంటాయి.

తిరిగొచ్చిన ప్రతిసారీ కథను కడిగి ఆరెయ్యాలా? మా అభిప్రాయం వద్దనే. చదివిన ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా ఒకేచోట వేలు పెట్టి చూపిస్తే అక్కడ దిద్దండి. ఒక్కరు, అదీ కారణం చెప్పకుండా వద్దంటే కామా కూడా కదిలించకండి. దిద్దడానికి తొందరేం లేదు. గురజాడ 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'ను తిరగరాసి 1909లో మళ్ళీ వేశారు. ఈనాడు మనం చదివేది ఆ రెండోదాన్నే. మొదటిది అచ్చుకు ఇవ్వడానికి మాత్రం రెండోదాని కోసం ఆగలేదాయన.

ఎదురుచూపు అంటారా, శ్రీశ్రీ 'మహాప్రస్థానం'కు చలం 'యోగ్యతాపత్రం' అన్న ముందుమాట రాసింది 1940లో. పుస్తకం వచ్చింది 1950లో. యోగ్యతాపత్రం చేతిలో ఉన్నా పదేళ్ళు పట్టింది!

నెలకు ఒకటి

రోజూ వెయ్యి పదాలు రాయమని మేం చెప్పం. పొద్దున్నే లేచి క్యారేజీలు కట్టి, బస్సు పట్టుకుని, సాయంత్రం అత్తగారి మందులు తెచ్చి, పిల్లల లెక్కలు చూసే మనిషికి అలాంటి సలహా ఇచ్చినవాణ్ణి ఆ వంటింట్లో వారం రోజులు నిలబెట్టాలి. నెలకు ఒకటి పంపండి. కథే కానక్కర్లేదు. ఒక కవిత, ఒక చిన్న జ్ఞాపకం, పాఠకుల పేజీకి ఒక ఉత్తరం అయినా సరే. నెలలో ఒక తేదీ పెట్టుకోండి. కరెంటు బిల్లు కట్టే రోజు బాగుంటుంది, ఎలాగూ మర్చిపోనివ్వరు. ఆ రోజు ఏదో ఒకటి ఇంటి నుంచి బయటికి వెళ్ళాలి. కొత్తది లేకపోతే తిరిగొచ్చిన పాతదే ఇంకో పత్రికకు వెళ్ళాలి.

ఇలా ఏడాది నడిస్తే ఒక మార్పు కనిపిస్తుంది. ఒకటి ఎవరో చదువుతుంటారు, ఒకటి తిరిగొచ్చి మళ్ళీ బయల్దేరుతుంటుంది, ఒకటి మీ చేతిలో ఉంటుంది. అన్ని ఆశలూ ఒక్క కథ మీద పెట్టుకున్నవాళ్ళకు అది తిరిగొస్తే కాళ్ళకింద నేల పోతుంది. మూడు బయట తిరుగుతున్నవాళ్ళకు ఒకటి తిరిగొస్తే రిజిస్టరులో ఒక గడి నిండుతుంది, అంతే.

జాగ్రత్త!

మీ ఫోనుకు ఇలాంటి సందేశాలు వస్తాయి: 'జాతీయ స్థాయి కవితా సంకలనం, ప్రవేశ రుసుము ఇంత, శాలువా, జ్ఞాపిక, ప్రశంసాపత్రం, ఫలానా రత్న బిరుదు ఉచితం.' వాటికి డబ్బు కట్టకండి. డబ్బు కట్టినవాళ్ళ కవితలన్నీ వేసే చోట ఎవరి కవితకూ విలువ లేదు. పత్రిక మీకు డబ్బివ్వాలి, లేదా ఇవ్వలేని చిన్న పత్రికైతే ఒక కాపీ ఇవ్వాలి. మీ దగ్గర తీసుకునేది పత్రిక కాదు, దుకాణం. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం వేరు, అది మీ ఇష్టం. అది కూడా పది చోట్ల అచ్చయిన తర్వాత వేసుకుంటే కొనేవాళ్ళుంటారు.

ఇంకొక మాట. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచి ఆ రచన మీది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఒక పత్రిక అచ్చు వేసుకున్నంత మాత్రాన కథ ఆ పత్రిక సొంతం కాదు. హక్కులు బదిలీ చెయ్యాలంటే రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. ఆ రాతలో ఎంతకాలానికో చెప్పకపోతే చట్టం అయిదేళ్ళే అనుకుంటుంది. సినిమావాళ్ళో ఓటీటీవాళ్ళో కాగితం ముందుపెడితే సంతోషంలో చదవకుండా సంతకం చెయ్యకండి. 'నా కథ కాపీ కొట్టేస్తారు' అని భయపడి పంపడం మానినవాళ్ళూ ఉన్నారు. పంపిన తేదీ మెయిల్లో ఉంటుంది, పోస్టు రసీదులో ఉంటుంది. బీరువాలో ఉన్నదానికి ఏ రసీదూ లేదు.

రండి

ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున 10 గంటలకు గ్రంథాలయం వరండాలో కూర్చుంటాం. అధ్యక్షులు, ముఖ్య అతిథులు, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన లేవు. చందా లేదు. వచ్చేవాళ్ళు ఒక పూర్తయిన రచన తెచ్చుకోవాలి. పూర్తికానిది, పూర్తి కాబోయేది వద్దు. పక్కవాళ్ళది మీరు చదువుతారు, మీది పక్కవాళ్ళు చదువుతారు. ఎక్కడ బోరు కొట్టిందో పెన్సిలుతో గీత పెడతారు. టైపు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చేసిపెడతారు, హామీపత్రం అక్కడే రాస్తాం. లేచేలోగా ప్రతి ఒక్కరి రిజిస్టరులో ఒక కొత్త గడి నిండాలి. మెయిలు అక్కడి నుంచే వెళ్ళాలి. ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని రావచ్చు, వరండా పెద్దదే.

ఇచ్ఛాపురం నుంచో, పాతపట్నం కొండల వైపు నుంచో అంత దూరం రాలేమంటే మీ ఊళ్ళోనే ఇద్దరు కలవండి. ఇద్దరుంటే చాలు, ఒకరు రాసింది ఒకరు పోస్టు చెయ్యండి. తమ కథ పంపడానికి చెయ్యి ఆడనివాళ్ళు కూడా పక్కవాళ్ళ కథను చక్కగా పంపేస్తారు, మేం చూశాం.

ఇవేవీ కుదరనివాళ్ళు ఇంట్లోనే ఉండండి, ఫరవాలేదు. ఈ నెల కరెంటు బిల్లు కట్టే రోజున ఒక్క రచన, ఒక్క పత్రికకు, హామీపత్రంతో సహా పంపండి. పంపాక ఈ కరపత్రం పారెయ్యకుండా మీకు తెలిసిన ఇంకో రాసే మనిషి చేతిలో పెట్టండి.

— రాసేవాళ్ళు కొందరు, శ్రీకాకుళం